‘ఊరు’, ‘ఊర్’: ఒకే మాటేనా?

ప్రశ్న

నమస్కారం. మాది ఏలూరు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాడు. అక్కడ గడియారాన్ని ‘ఊర్’ అంటారని మొన్న ఫోనులో చెప్పగానే, నాకు కాలేజీ రోజుల నాటి సందేహం మళ్ళీ మొదలైంది. దక్షిణ ఇరాక్‌లో బయటపడిన సుమేరియన్ల ప్రాచీన నగరం పేరు ‘ఊర్’. వారి భాషలో నగరాన్ని ‘ఉరు’ అంటారని కూడా చదివాను. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లోని బాస్క్ భాషలో ‘ఉర్’ అంటే నీరు. మనకూ చెలమలో నీరు ఊరుతుంది. ఇన్ని పోలికలు ఉన్నప్పుడు వీటన్నిటికీ, మన ‘ఊరు’కూ మూలం ఒకటే అనుకోవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

మన ‘ఊరు’కు నిజమైన బంధువులు దగ్గరలోనే ఉన్నారండి. తమిళంలో, మలయాళంలో ‘ఊర్’, కన్నడంలో, తుళులో ‘ఊరు’. నెల్లూరు, గుంటూరు, తంజావూరు, మైసూరు, కణ్ణూరు అన్నీ ఆ ఇంటి పేర్లే. చోళుల కాలంలో తమిళనాట ‘ఊర్’ అంటే నివాసస్థలం మాత్రమే కాదు, గ్రామ వ్యవహారాలు చూసే సభకు కూడా అదే పేరు. బ్రాహ్మణ అగ్రహారాలలోని సభను ‘సభ’ అనీ, వర్తకుల సభను ‘నగరం’ అనీ వేరుగా పిలిచేవారు.

సుమేరియన్ విషయానికి వస్తే, 1922 నుంచి 1934 వరకు బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు లియొనార్డ్ వూలీ తవ్వించిన ఆ నగరానికి సుమేరియన్‌లో అసలు పేరు ‘ఉరిమ్’. నగరం అనే అర్థమున్న ‘ఉరు’ వేరే మాట. దానిని ‘ఇరి’ అని కూడా చదువుతారు. ఊర్ రాజసమాధులలో సింధు ప్రాంతపు కెంపురంగు పూసలు దొరికిన మాట నిజమే కాబట్టి, ఆ రెండు నాగరికతల మధ్య వ్యాపారం జరిగిందనడంలో అనుమానం లేదు. అయితే సరుకు వెళ్ళినంత మాత్రాన భాషలకు చుట్టరికం కలిసిందని చెప్పలేము. ఆస్ట్రేలియాలోని ఎంబబరమ్ అనే ఆదివాసీ భాషలో కుక్కను ‘డాగ్’ అనే అంటారు. ఇంగ్లీషుతో దానికి ఏ సంబంధమూ లేదు.

సమాధానం 2

నీరు ఊరడం గురించి అడిగారు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆవకాయ కలిపిన మూడో రోజున జాడీ మూత తీస్తే, పొడిపొడిగా ఉన్న ముక్కల మధ్యనుంచి ఎర్రటి ఊట పైకి తేలి ఉంటుంది. ఆ ఊటలోని ‘ఊరు’, ఏలూరులోని ‘ఊరు’ ఇప్పుడు ఒకేలా రాస్తున్నాము కానీ పూర్వం రాత వేరు, పలుకు కూడా వేరు. ఊరడాన్ని శకటరేఫంతో, అంటే బండి ‘ఱ’తో, ‘ఊఱు’ అని రాసేవారు. గ్రామం మాత్రం సాధురేఫంతో, అంటే మామూలు ‘ర’తో, ‘ఊరు’. తమిళం ఈ తేడాను రాతలో ఇప్పటికీ నిలుపుకొంది.

ఇది ఒక్క మాటతో ఆగిపోదు, చుట్టరికానికి అసలు రుజువు అక్కడే ఉంది. తమిళంలో ఱకారమున్న ఆఱు, నూఱు అనే అంకెల పేర్లకు పాత తెలుగులోనూ ఱకారమే కనిపిస్తుంది. తమిళంలో మామూలు రేఫమున్న నీర్, వేర్ అనే మాటలకు మనకు నీరు, (చెట్టు) వేరు అని మామూలు రేఫమే ఉంది. ఇలా వరుస తప్పకుండా పదుల కొద్దీ మాటలు జంటలుగా నిలబడితేనే రెండు భాషలు ఒక తల్లి బిడ్డలని నమ్మగలము. బాస్క్ ‘ఉర్’కు మన ‘ఊఱు’తో అటువంటి వరుస ఏదీ కుదరదు. మన బడులలో ఱ నేర్పడం దాదాపుగా మానేశారు. దానితోపాటు పిల్లలకు ఈ తేడా కూడా అందకుండా పోతోందని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషమండి. మరి ఇండోర్ సంగతి? మన నిజామాబాదు పాత పేరు కూడా ఇందూరే కదా.

సమాధానం 1 రాసినవారు

ఇండోర్ పేరును అక్కడి ఇంద్రేశ్వరాలయంతో ముడిపెడతారు. చివర ‘ఊరు’ అని వినిపించే ప్రతి పేరునూ మన లెక్కలో వేసుకోకూడదు. ‘పూర్’ అయితే సంస్కృత ‘పుర’ం నుంచి వచ్చింది, దానికీ మన ఊరికీ సంబంధం లేదు. సంస్కృతంలో ‘ఊరు’ అనే శబ్దమే ఉంది కానీ దాని అర్థం తొడ. దుర్యోధనుడి ఊరుభంగం అందరికీ తెలిసినదే.

సమాధానం 3

జర్మన్ మాట మిగిలిపోయింది. గడియారమనే అర్థమున్న ‘ఊర్’ లాటిన్ ‘హోరా’ నుంచి, అది గ్రీకు ‘హోరా’ నుంచి వచ్చింది. ఆదిమమైన అనే అర్థంలో మాటల ముందు చేరే ‘ఊర్’ కూడా జర్మన్‌లో ఉంది, అడవికి ముందు చేర్చి ‘ఊర్‌వాల్ట్’ అన్నట్టుగా. అది వేరే మూలం నుంచి వచ్చిన జర్మానిక్ ఉపసర్గ. అంటే ఒకే భాషలో ఒకేలా వినిపించే రెండు మాటలకే చుట్టరికం లేదన్నమాట.

అయితే ఆ గడియారపు ‘ఊర్’కు మన ఇళ్ళలో ఒక బంధువు ఉంది. అది ఊరు కాదు, పంచాంగంలోని ‘హోర’. గ్రీకు జ్యోతిషంతోపాటు ఆ మాట సంస్కృతంలోకి వచ్చింది. ‘అహోరాత్ర’ శబ్దంలో మొదటి, చివరి అక్షరాలు పోగా ‘హోరా’ మిగిలిందని కొందరు అంటారని వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ప్రస్తావించాడు కానీ, పండితులు నేడు దానిని గ్రీకు మాటగానే గుర్తిస్తున్నారు. మీ అబ్బాయి చేతి గడియారానికీ, మీ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగంలోని శుక్ర హోరకూ ఉన్నది నిజమైన చుట్టరికమే. ఈసారి ఫోను చేసినప్పుడు అతనికి చెప్పండి.