ఒకే బైనాక్యులర్, 38 మంది పిల్లలు: చెరువు గట్టు మీద క్లాసు ఎలా నడపాలి?

ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. బడికి 300 మీటర్లలో చెరువుంది. పిల్లలకు పక్షుల్ని చూపిద్దామని వరసగా మూడు శనివారాలు తీసుకెళ్లాను. మూడుసార్లూ కుదరలేదు.

నాకు దొరికేది 11:20 పీరియడ్, 45 నిమిషాలు. రానూపోనూ నడకకే పది పోతాయి. ఉన్నది ఒక్క 8×42 బైనాక్యులర్. మనిషికి అర నిమిషం ఇచ్చినా 19 నిమిషాలు. ఈలోగా మిగతావాళ్లు నీళ్లలో రాళ్లు వేస్తుంటారు. మేం గట్టెక్కామో లేదో తీతువు అరుపు మొదలు (దాన్ని తప్పుపట్టలేం, దాని పని అదే), కొంగలన్నీ అవతలి ఒడ్డుకి.

మొదటి వారం అందర్నీ ఒకే గుంపుగా నడిపించాను. రెండో వారం ఆరు జట్లు చేసి, జట్టుకో బొమ్మల చార్టు ఇచ్చాను. చార్టునే చూశారు, చెరువుని చూడలేదు. మూడో వారం, కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌తో కూతలు పట్టిద్దామనుకున్నా. అంతమంది మాటల మధ్య అది పట్టింది రెండే, ఆ పేర్లూ ఇంగ్లీషులోనే. అదే లకుముకిపిట్ట అంటే మావాళ్లలో తెలియనివాడు లేడు.

పొద్దున్నే వెళ్లమనకండి. సగంమంది పక్క ఊళ్లనుంచి ఆటోల్లో వస్తారు, తొమ్మిదికి ముందు చేరలేరు. రెండో బైనాక్యులర్‌కి డబ్బుల్లేవు. ఫిబ్రవరిలో క్యాంపస్ బర్డ్ కౌంట్‌లో (బడులు, కాలేజీలు చేసే పక్షుల లెక్కింపు) పాల్గొనాలంటే కనీసం 15 నిమిషాలు కుదురుగా లెక్కపెట్టాలి. ఇప్పటి తీరు చూస్తే అయిదు కూడా కష్టమే.

బైనాక్యులర్ తమ వంతుకు వచ్చేదాకా మిగతా పిల్లలకు గట్టు మీదే ఇవ్వదగ్గ పని, మీరు స్వయంగా చేయించి ఫలితం చూసినది, ఏమిటి?