మైక్రోబిట్ గేమ్‌లో పిల్లలు వేరియబుల్ దగ్గరే ఆగిపోతున్నారు, ఎలా చెప్పాలి?

నమస్తే అండీ. ఆదివారాలు ఏడో తరగతి పిల్లలకు మైక్రోబిట్ (25 చిన్న లైట్లు, రెండు బటన్లు ఉండే చిన్న కంప్యూటర్ బోర్డు) మీద చిన్న చిన్న గేములు నేర్పిస్తున్నాను. పిల్లలు 18 మంది, బోర్డులు నాలుగే. మిగతావాళ్లు మేక్‌కోడ్ (బ్లాకులు పేర్చి కోడ్ రాసే సైట్) సిమ్యులేటర్‌తో, అంటే తెర మీద కనిపించే ఉత్తుత్తి బోర్డుతో సర్దుకుంటారు, బోర్డు కోసం కొట్టుకుంటారు కూడా.

బోర్డు ఊపితే పాచిక అంకె రావడం అరగంటలో చేసేశారు. చిక్కంతా చినుకు పట్టే గేమ్‌లోనే. పై వరుసలో ఎక్కడో ఒక లైటు పుట్టి కిందికి జారాలి, అడుగున ఉన్న లైటును ఏ, బీ బటన్లతో జరిపి దాన్ని పట్టుకోవాలి. మొన్న ఒక పాప చినుకును పుట్టించే బ్లాకును ఫరెవర్ (ఆగకుండా మళ్లీ మళ్లీ నడిచే బ్లాకు) లోపల పెట్టింది. ప్రతి చుట్టుకీ కొత్త చినుకు పుడుతోంది, పాతవి ఒక్క అడుగు దిగి అక్కడే ఇరుక్కుంటున్నాయి. కాసేపటికి రెండో వరుసంతా వెలిగిపోయింది. అదే గేమ్ అనుకుని క్లాసంతా చప్పట్లు!

ఇంకో అబ్బాయి చినుకు వై విలువ (పై నుంచి ఎన్నో వరుసో చెప్పే అంకె) 5 అయితే స్కోరు తగ్గించమని రాశాడు. వరుసలు 0 నుంచి 4 వరకే కదా, లైటు 4 దగ్గరే ఆగిపోతుంది. స్కోరు ఎప్పటికీ తగ్గలేదు.

వేరియబుల్ అంటే స్కోరులా మారే అంకెను దాచుకునే డబ్బా అని చెప్పాను. "మరి అందులో పాత అంకె ఎటు పోయింది సార్?" అంటే తడుముకున్నాను. మీరైతే ఏ పోలిక చెబుతారు?

నేల మీద 25 గళ్లు గీసి పిల్లల్నే చినుకుల్లా నడిపిద్దామనుకుంటున్నాను. ఎవరైనా అలా చేసి చూశారా? ఒక్కో బోర్డు దగ్గర నలుగురైదుగురు ఉంటే పనులు ఎలా పంచాలి? పూర్తి కోడ్ మాత్రం ఇవ్వొద్దండీ, చూసి దించేస్తారు.