పుట్టగొడుగులతో మనసు కుదుటపడుతుందా? ఆడవాళ్ల అనుభవాలను ఎంతవరకు నమ్మవచ్చు?

వేపపూత (హిల్స్‌బరో, ఒరెగాన్):
ఇక్కడి తెలుగు ఆడవాళ్ల మధ్య గుసగుసగా నడుస్తున్న మాటను బాహాటంగా అడుగుతున్నాను. ఒరెగాన్‌లో 2023 నుంచి సిలోసైబిన్ (భ్రమలు కలిగించే పదార్థం) ఉన్న పుట్టగొడుగులను లైసెన్సు ఉన్న కేంద్రాల్లో, శిక్షణ పొందిన సహాయకుల సమక్షంలో తీసుకోవచ్చు. 2020లో జనం ఓటు వేసి తెచ్చుకున్న మెజర్ 109 అనే చట్టం దీనికి ఆధారం. 21 ఏళ్లు నిండితే చాలు. డాక్టరు చీటీ అక్కరలేదు, జబ్బు ఉందని రుజువు చూపనక్కరలేదు.

వెళ్లివచ్చిన ఆడవాళ్లు నాతో చెప్పినవి రంగుల గురించో దేవుళ్ల గురించో కాదు. కడుపు పోయిన బాధ, విడాకులు, చిన్నప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతులు. ఏళ్ల తరబడి మందులు వాడినా కదలనిది ఒక్క మధ్యాహ్నంలో కదిలిందంటారు. నేను నమ్ముతున్నాను. దీనిని మత్తు అని కొట్టిపారేయకుండా చికిత్సగా చూడాలన్నది నా వాదన. మీరేమంటారు?

కృష్ణాతీరం:
ఏ పేరు పెట్టినా మత్తు మత్తే. మా అమ్మ ఇద్దరు బిడ్డలను పోగొట్టుకుంది. మర్నాడు లేచి పొయ్యి వెలిగించింది, మమ్మల్ని పెంచింది. ఈ సెషన్లూ గిషన్లూ ఎరగదు.

నిశాంత:
పొయ్యి వెలిగించినంత మాత్రాన కోలుకున్నట్టేనా కృష్ణాతీరం గారూ? ఆవిడను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? గుండె దడ, ఒళ్లు మంటలు, నీరసం అంటూ ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఇంటికి వచ్చిన పెద్దావిడలు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో ఎందరిది దిగులో మనకు లెక్క లేదు.

వేపపూత గారితోనూ నాకు పేచీ ఉంది. కదిలించింది పుట్టగొడుగేనని ఎలా అనుకోవాలి? ఆ కేంద్రాల్లో ముందుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ రోజున ఐదారు గంటలపాటు ఒక మనిషి మీ పక్కనే ఉంటుంది. ఏడిస్తే ఊరుకోమనదు, తప్పు నీదే అనదు. మన ఇళ్లలో ఏ ఆడదానికి దొరికింది అంతసేపు?

డా. సాగరతీరం (మానసిక వైద్యురాలు, విశాఖ):
నిశాంత గారు అడిగిందే పరిశోధకులనూ తిప్పలు పెడుతోంది. 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 233 మంది ఉన్నారు, అందరూ మందులకు లొంగని డిప్రెషన్ ఉన్నవారే. ఒక్కసారి 25 మిల్లీగ్రాముల సిలోసైబిన్ తీసుకున్నవారు, పోలిక కోసం నామమాత్రంగా 1 మిల్లీగ్రాము తీసుకున్నవారికంటే మూడో వారానికి స్పష్టంగా మెరుగుపడ్డారు. పన్నెండో వారానికి ఆ తేడా చాలావరకు పలచబడింది. 2021లో లండన్‌లో 59 మందిపై ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్రతో పోల్చి చూస్తే, ముందుగా ఎంచుకున్న ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా తనకు ఏది ఇచ్చారో రోగికి గంటలోనే తెలిసిపోతుంది. ఆశ ఎంత, మందు ఎంత అని విడదీయడం కష్టం.

అమెరికాలో తల్లులు కొందరు రోజు విడిచి రోజు చిటికెడు తీసుకుంటున్నారే, దానికున్న ఆధారం ఇంకా బలహీనం. 2021లో 191 మంది పాల్గొని, ఏది వేసుకుంటున్నారో తమకే తెలియకుండా ఉత్తుత్తి గుళికలో అసలు గుళికలో వేసుకున్న ప్రయోగంలో ఇరు పక్షాలూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి.

ఆడవాళ్ల విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. గర్భిణులను, పాలిచ్చే తల్లులను ఈ పరీక్షల్లోకి తీసుకోలేదు. కాన్పు తర్వాతి దిగులు పుట్టగొడుగుతో పోయిందనే కథలే మాత్రం అన్నిటికన్నా ఎక్కువగా తిరుగుతున్నాయి. ఆ దిగులుకే ప్రత్యేకంగా జురనొలోన్ అనే పద్నాలుగు రోజుల మాత్రలకు 2023లో అమెరికా అనుమతి వచ్చింది. దాని గురించి ఇంత హడావుడి లేదు.

వేపపూత:
డాక్టరు గారూ, పన్నెండు వారాలకు పలచబడింది అంటున్నారు. నిద్రలేని తల్లికి మూడు వారాల తెరిపి తక్కువా? రోజూ వేసుకునే మాత్రలు ఆపితే ఏమవుతుందో కూడా చెప్పండి. వినేవాళ్లు ఉండటమే సగం మందు అయితే కానివ్వండి. మిగతా సగం దేనివల్ల? ఎన్నో ఏళ్లు కౌన్సెలింగ్‌కు తిరిగి, నోరు పెగలక వెనక్కి వచ్చినవాళ్లు ఇక్కడ మాట్లాడగలిగారు.

డా. సాగరతీరం:
నోరు పెగలడం నిజమే. ఆ కొన్ని గంటల్లో మనిషి పూర్తిగా ఎదుటివాళ్ల చేతిలో ఉండటమూ అంతే నిజం. కెనడాలో జరిగిన ఒక పరీక్షలో (అక్కడి మందు ఎండీఎంఏ అనే వేరే మత్తు పదార్థం, సిలోసైబిన్ కాదు) ఒక స్త్రీ పట్ల చికిత్సకులే హద్దు మీరారు, వీడియోలు బయటికి వచ్చాయి. తాకవచ్చా లేదా అన్నది ముందే కాగితం మీద తేల్చుకోని చోటికి ఎవరూ వెళ్లకూడదు.

పాలపిట్ట:
ఈ కేంద్రాల ప్రచారంలో 'ఆదిమ స్త్రీల జ్ఞానం' అంటూ మరియా సబీనా బొమ్మ వేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. మెక్సికోలోని వాహాకా కొండల్లో, వావుత్లా ఊరి మసాటెక్ వైద్యురాలు ఆవిడ. రాత్రిపూట, చీకట్లో, రోగి కోసం తనూ పుట్టగొడుగులు తిని పాడేది. న్యూయార్క్ బ్యాంకరు గోర్డన్ వాసన్ 1955లో అలాంటి ఒక రాత్రి ఆవిడ దగ్గర కూర్చున్నాడు, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఊరి మీదికి విదేశీయులు ఎగబడ్డారు, పోలీసులు వచ్చారు, ఆవిడ ఇంటికి ఎవరో నిప్పు పెట్టారు. 1985లో పేదరాలిగానే పోయింది. జబ్బు నయం చేయడానికే తప్ప ఊరికే దేవుణ్ణి వెతుక్కోవడానికి తమ వాళ్లు వాటిని తినేవారు కారని ఆవిడే చెప్పింది.

ఇంకో సంగతి. వాసన్ భార్య వాలెంతీనా పిల్లల డాక్టరు. అదే 1957లో తన అనుభవం రాసింది, వైద్యంలో పనికిరావచ్చని మొదట్లోనే సూచించినవారిలో ఆవిడ ఒకరు. పేరు మాత్రం భర్తకే వచ్చింది. వైద్యం చేసిన మనిషి బూడిదలో మిగిలింది, వైద్యం అని ఊహించిన మనిషి అజ్ఞాతంలో మిగిలింది, ఇవాళ చాలాచోట్ల ఒక్కో సెషన్‌కు వెయ్యి డాలర్ల పైమాటే. ఆడవాళ్ల విముక్తి అంటూ అమ్ముతున్నవాళ్లను ఒకటికి రెండుసార్లు చూడండి.

గ్రీన్‌కార్డు_క్యూ:
ఇంత మాట్లాడారు, అసలు ముప్పు ఎవరూ చెప్పలేదు. రాష్ట్రంలో చెల్లినా ఫెడరల్ చట్టంలో సిలోసైబిన్ ఇప్పటికీ మొదటి జాబితాలోని నిషిద్ధ పదార్థం. వలస వ్యవహారాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వం. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారు. తీసుకున్నానని ఒప్పుకుంటే అర్హతకే చిక్కు రావచ్చు, అబద్ధం చెబితే అది వేరే నేరం. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసాలో ఉన్న మన అక్కచెల్లెళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలి.

ఇండియాలోనైతే మాదకద్రవ్యాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో సిలోసైబిన్ ఉంది. కొడైకెనాల్‌లో చెట్టు కింద అమ్మేవాడి దగ్గర కొనే సరదా వద్దు. అడవిలో కోసినదాంట్లో లివర్‌ను చంపే జాతి కలిసినా మీకు తెలియదు.

వేపపూత:
వీసా సంగతి నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. డాక్టరు గారూ, నా స్నేహితురాలు వచ్చే నెల సెషన్ పెట్టుకుంది. డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ మాత్ర వాడుతోంది, అది ఉంటే పుట్టగొడుగు పనిచేయదని ఎవరో చెబితే మానేద్దామనుకుంటోంది. వాళ్ల అమ్మకు బైపోలార్ (ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉండేదట.

డా. సాగరతీరం:
మాత్రలు తనంతట తాను ఆపవద్దనండి. ప్రభావం తగ్గవచ్చన్నది నిజమే, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, దిగులు తిరగబెట్టడం ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం అమ్మ బైపోలార్. పరీక్షల్లో అలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవారిని సాధారణంగా పక్కన పెడతారు, ఉన్మాదం మొదలయ్యే ప్రమాదం ఉందని. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడుతున్నవారు ఎవరూ ఇది తలపెట్టకూడదు, ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. ఒరెగాన్ నియమాలు కూడా గత 30 రోజుల్లో లిథియం వాడినవారిని రానివ్వవు. అమ్మ సంగతి కేంద్రంవాళ్లకు చెప్పిందా?

వేపపూత:
చెప్పలేదట. ఈ రాత్రికే ఫోను చేస్తాను. నా వాదన నేను వదులుకోలేదు, ఆ సెషన్ మాత్రం వాయిదా వేయిస్తాను.