సమ్మె లేకుండానే 34 శాతం: అది పైలట్ల యూనియన్ బలమా, పైలట్ల కొరతా?

గగనవీధి:
2023 మార్చిలో డెల్టా, ఆగస్టులో అమెరికన్, సెప్టెంబరులో యునైటెడ్, 2024 జనవరిలో సౌత్‌వెస్ట్. ఏడాది తిరగకముందే అమెరికాలోని నాలుగు పెద్ద ఎయిర్‌లైన్స్ పైలట్లతో కొత్త ఒప్పందాలు చేసుకున్నాయి. డెల్టాలో సంతకం రోజునే 18 శాతం, ఆపై ఏటా 5, 4, 4. ఒకదాని మీద ఒకటి లెక్కేస్తే 34 శాతం. సౌత్‌వెస్ట్‌లో మొదటి పెంపే 29 శాతం దాటింది. ఎక్కడా సమ్మె జరగలేదు.

దీన్ని యూనియన్ల గెలుపు అంటున్నారు. నేను ఒప్పుకోను. 2020లో కంపెనీలే ముందస్తు రిటైర్మెంట్ ప్యాకేజీలిచ్చి వేలమంది సీనియర్లను ఇంటికి పంపాయి. 65 ఏళ్లు నిండినవాళ్లు ఎలాగూ దిగిపోవాలి. 2013 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, ఫస్ట్ ఆఫీసర్‌కి (కో-పైలట్‌కి) కూడా 1,500 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. 2022లో ప్రయాణికులు తిరిగొచ్చేసరికి నడిపేవాళ్లు చాల్లేదు. యూనియన్ లేకపోయినా ఈ జీతాలు పెరిగేవే.

కార్మికచట్టం:
పెరిగేవి కావండి. కొరత వల్ల జీతం పెరగాలంటే ఉద్యోగి పక్క కంపెనీకి పోతానని చెప్పగలగాలి. డెల్టాలో పదిహేనేళ్లు చేసిన కెప్టెన్ యునైటెడ్‌కి మారితే అక్కడి సీనియారిటీ జాబితాలో అట్టడుగున చేరతాడు. మళ్లీ ఫస్ట్ ఆఫీసర్ సీటు, మొదటి ఏడాది జీతం, పిలిస్తే పరుగెత్తాల్సిన రిజర్వు డ్యూటీ. ఏ విమానం, ఏ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. కాబట్టి మధ్య వయసు పైలట్ ఎక్కడికీ పోలేడు. కంపెనీకి ఆ సంగతి బాగా తెలుసు.

కొరత నేరుగా పనిచేసింది చిన్న రీజినల్ ఎయిర్‌లైన్స్‌లో. 2022లో అక్కడ కంపెనీలే ముందుకొచ్చి జీతాలు బాగా పెంచాయి, ఎందుకంటే అక్కడి పైలట్ పెద్ద కంపెనీకి వెళ్లిపోగలడు. పెద్ద కంపెనీల్లో అలా జరగలేదు. యునైటెడ్‌నే చూడండి. 2022లో యూనియన్ నాయకత్వం, కంపెనీ కలిసి తెచ్చిన ముసాయిదాలో పెంపు 14 శాతం పైచిలుకు. నవంబరులో పైలట్లు 94 శాతం మంది కాదన్నారు. 2023 సెప్టెంబరులో ఆమోదం పొందినది 40 శాతం వరకు వెళ్లింది. కొరత రెండుసార్లూ ఉంది. తేడా తెచ్చింది ఆ ఓటు.

రెండో_ఇంజిన్:
ఆ బలాన్ని చట్టం ఎలా కట్టేసిందో కూడా చూడాలి. అమెరికాలో పైలట్లకు వర్తించేది మామూలు కార్మిక చట్టం కాదు, 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్. 1936లో ఎయిర్‌లైన్స్‌ని అందులో చేర్చారు. దాని కింద ఒప్పందానికి గడువు తీరడమే ఉండదు. సవరణకు వీలయ్యే తేదీ ఒకటి వస్తుంది, అంతే. అది దాటినా పాత జీతం, పాత నిబంధనలే నడుస్తాయి. డెల్టాలో ఆ తేదీ 2019 డిసెంబరు 31.

వరస ఇదీ. ఒక పక్షం ఆ చట్టం సెక్షన్ 6 కింద మార్పులు కోరుతూ నోటీసు ఇస్తుంది, నేరుగా చర్చలు జరుగుతాయి. కుదరకపోతే ఎవరైనా నేషనల్ మీడియేషన్ బోర్డును పిలవొచ్చు. అసలు చిక్కు ఇక్కడే: మీడియేషన్‌కి కాలపరిమితి లేదు. ఇక లాభం లేదని బోర్డు తనంతట తాను అనుకున్నప్పుడే ఆర్బిట్రేషన్‌కి రమ్మంటుంది. ఒకరు కాదంటే చర్చల నుంచి విడుదల చేస్తుంది. అప్పటి నుంచి 30 రోజులు ఆగాలి. అదీ అయ్యాక అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వేస్తే నివేదికకు 30 రోజులు, ఆ తర్వాత ఇంకో 30. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ పైలట్లు సమ్మెకు దిగిన నిమిషాల్లోనే క్లింటన్ ఆ పని చేశారు.

ఈలోగా చాటుగా ఒత్తిడి తెద్దామంటే కోర్టు ఉంది. 1999లో రీనో ఎయిర్ కొనుగోలు గొడవలో అమెరికన్ పైలట్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. కోర్టు ఆదేశాన్ని ధిక్కరించినందుకు యూనియన్ మీద 4.55 కోట్ల డాలర్లు పడ్డాయి. ఓవర్‌టైమ్ సంగతీ అంతే. ఒక పైలట్ తనకు తాను వద్దనుకోవచ్చు, అందరూ కూడబలుక్కుని వద్దంటే చట్టవిరుద్ధం. 2001లో డెల్టా కేసులో అప్పీలు కోర్టు ఈ దారే పట్టింది. 2022లో డెల్టా పైలట్లు 99 శాతం సమ్మెకు ఓటేశారు. ఆ ఓటుతో మర్నాడు విమానం ఆపే హక్కు రాదు.

కార్మికచట్టం:
రాదు, నిజమే. కానీ విడుదల దొరికిన చోట ఏమైందో చూడండి: 1998లో నార్త్‌వెస్ట్ రెండు వారాలకు పైగా మూతపడింది, 2001లో కోమ్‌ఎయిర్ 89 రోజులు, 2010లో స్పిరిట్ ఐదు రోజులు. సమ్మె మొదలైతే బయటినుంచి మనుషుల్ని తెచ్చి నడపలేరు. లైసెన్సు ఉన్నవాడికైనా ఆ రకం విమానం నడిపే అర్హత (టైప్ రేటింగ్), ఆ కంపెనీ పద్ధతుల్లో శిక్షణ, చెక్ రైడ్ అనే పరీక్ష కావాలి. నెలలు పడుతుంది. ఆ భయమే బల్ల దగ్గర పనిచేస్తుంది.

ఇంకోటి, పక్కవాడి ఒప్పందం. 2023 జులైలో అమెరికన్ పైలట్ల ముసాయిదా ఓటుకు వచ్చే వేళకి యునైటెడ్ ముసాయిదా అంతకంటే మెరుగ్గా వచ్చింది. అమెరికన్ యాజమాన్యం వెంటనే తన ప్రతిపాదనను పెంచింది. ఆగస్టులో దాదాపు 73 శాతంతో ఆమోదమైంది. డెల్టా ఒప్పందంలోనైతే యునైటెడ్, అమెరికన్ రేట్లు పెరిగితే తమవి వాటికంటే కనీసం ఒక శాతం ఎక్కువ ఉండాలన్న క్లాజే రాయించుకున్నారు. ఇది మార్కెట్ ఇచ్చింది కాదు, రాసుకున్న వాక్యం ఇచ్చింది.

గగనవీధి:
మరి పార్సిళ్ల కంపెనీ ఫెడెక్స్? అదే చట్టం, డెల్టా, యునైటెడ్ పైలట్లున్న అదే ఆల్పా (ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్) యూనియన్. 2023 జులైలో 57 శాతం మంది ముసాయిదాను తిప్పికొట్టారు. యునైటెడ్‌లాగే రెండోసారి ఎక్కువ వస్తుందనుకున్నారు. కరోనా నాటి పార్సిళ్ల జోరు అప్పటికే తగ్గింది, కంపెనీలో పైలట్లు ఎక్కువయ్యారు. పీఎస్‌ఏ అనే రీజినల్ ఎయిర్‌లైన్‌లో చేరే అవకాశం చూసుకోండని కంపెనీయే పైలట్లకు చెప్పింది. 2024 గడిచినా కొత్త ఒప్పందం రాలేదు. కాదన్న ఓటుకు బలం ఇచ్చేది బయటి గిరాకీయే. గిరాకీ లేనిచోట కాదంటే చేతికొచ్చింది జారిపోతుంది.

కార్మికచట్టం:
జారిపోయింది పెంపు. ఉన్నది జారిపోలేదు. మనుషులు ఎక్కువైన కంపెనీ, యూనియన్ లేకపోతే ముందుగా జీతం కోసేది. రెండో_ఇంజిన్ గారు తప్పుపట్టిన ఆ ‘పాత నిబంధనలే నడుస్తాయి’ అన్న సూత్రం చెడ్డ కాలంలో పైలట్‌ని కాపాడుతుంది. ఆ కాపు తెగేది దివాలా కోర్టులోనే. అక్కడ దివాలా చట్టం సెక్షన్ 1113 కింద ఒప్పందాన్నే రద్దు చేయమని కంపెనీ అడగొచ్చు. 2000 తర్వాతి దశాబ్దంలో జీతాలు కూలింది అలాగే.

పేరోల్_లెక్క:
అందరూ శాతాలే చూస్తున్నారు. ఒప్పందంలో డబ్బు దాగేది పని నిబంధనల్లో. ఉదాహరణకు ఒక నాలుగు రోజుల ట్రిప్పులో గాల్లో గడిపేది 16 గంటలు అనుకోండి. గంటకు 300 డాలర్లయితే 4,800. రోజుకు కనీసం ఐదు గంటల జీతం అని రాయించుకుంటే అదే ట్రిప్పుకు 20 గంటలు, 6,000. రేటు మారలేదు, ఆదాయం 25 శాతం పెరిగింది. పైగా హోటల్లో ఖాళీగా కూర్చోబెట్టే ట్రిప్పులు కట్టడం కంపెనీకే నష్టం అవుతుంది కాబట్టి షెడ్యూలే మారుతుంది. అందుకే కంపెనీ రేటు విషయంలో త్వరగా దిగొస్తుంది, ఈ కనీస గంటల దగ్గర, రిజర్వు పిలుపుల దగ్గర నెలల తరబడి బిగుసుకుంటుంది.

పాత బకాయి కూడా అంతే. చర్చలు మూడేళ్లు సాగితే ఆ మూడేళ్ల తేడా తనంతట తాను రాదు, దాన్నీ బేరమాడాలి. ఆలస్యం కంపెనీకి లాభమయ్యేది ఇక్కడే.

కృష్ణాతీరం:
మన దేశంలోనూ కమాండర్ల (కెప్టెన్ల) కొరతే అంటున్నారు కదండీ. మరి ఇక్కడ ఇలాంటి ఒప్పందాలు ఎందుకు రావు?

కార్మికచట్టం:
గగనవీధి గారి వాదనకు అసలు పరీక్ష ఇదే. కొరత ఇక్కడా ఉంది, ఫలితం మాత్రం లేదు. 2017 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం కమాండర్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. పాత కంపెనీ ముందే ఒప్పుకుని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తేనే గడువు తగ్గుతుంది. అంటే విడిగా వెళ్లిపోతానన్న బెదిరింపుకు పదును లేదు. కలిసి బేరమాడే యూనియన్ ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌లో నిలదొక్కుకోలేదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్‌లో సంఘం పెట్టబోయిన ఇద్దరిని తీసేస్తే మూకుమ్మడి సిక్ లీవుతో విమానాలు ఆగాయి.

ప్రభుత్వ ఎయిర్ ఇండియాలో సంఘాలున్నా చీలికే దెబ్బతీసింది. 2007 విలీనం తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లకు ఐసీపీఏ, ఎయిర్ ఇండియా వైపు వాళ్లకు ఐపీజీ అని రెండు సంఘాలు. 2012లో డ్రీమ్‌లైనర్ (బోయింగ్ 787) శిక్షణ ఎవరికన్న దాని మీద ఐపీజీ 58 రోజులు సమ్మె చేసింది. రెండో సంఘం ఎగురుతూనే ఉంది. వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. రెండు సీనియారిటీ జాబితాలను ఒకటి చేయకుండా కంపెనీలు కలిపితే పైలట్లు ఒకరి మీద ఒకరు బేరమాడతారు.

అందుకే ఇక్కడ పోరాటం ఒప్పందం కోసం కాకుండా డీజీసీఏ నిబంధనల కోసం జరుగుతుంది. వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గింపు: పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తేనే 2025 జులై, నవంబరుల్లో రెండు దశలుగా అమలయ్యాయి. డిసెంబరులో ఇండిగో విమానాలు శంషాబాద్ సహా దేశమంతటా రద్దవగానే రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు వచ్చింది. ఒప్పందంలో రాసి ఉంటే దాన్ని సడలించడానికి పైలట్ల సంతకం కావాల్సి వచ్చేది.

రన్‌వే_09:
నోటీసు గడువును అన్యాయంగా చూపకండి. 2023లో అకాసా ఎయిర్‌లో 43 మంది పైలట్లు గడువు పూర్తి చేయకుండా వెళ్లిపోతే విమానాలు రద్దయ్యాయి, కంపెనీ బాంబే హైకోర్టుకు వెళ్లింది. టికెట్ కొన్నవాళ్ల సంగతి ఎవరు చూడాలి?

పేరోల్_లెక్క:
చూడాల్సిందే. కానీ ఏడాది కట్టేసే నిబంధన ఉన్నప్పుడు, ఆ ఏడాదిలో జీతం, గంటలు మార్చకూడదన్న షరతు కంపెనీ మీద కూడా ఉండాలి. 2024లో విస్తారా ఎయిర్‌లైన్‌లో గ్యారంటీ గంటలను (నడపకపోయినా జీతం వచ్చే గంటలను) 70 నుంచి 40కి దించారు. వెళ్లాలంటే ఏడాది, ఉండాలంటే కొత్త జీతం. అమెరికాలో సవరణ తేదీ దాటినా కంపెనీ అలా దించలేదు.

కృష్ణాతీరం:
ఇప్పుడు కొత్త లేబర్ కోడ్ వచ్చింది కదా, దాని కింద దారి ఉందా?

కార్మికచట్టం:
2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం సభ్యులున్న సంఘమే ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున కౌన్సిల్. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క, కాబట్టి పాత సిక్ లీవు దారి వైపు చూడొద్దు. ముందుగా తేలాల్సింది కమాండర్ ‘కార్మికుడు’ అవుతాడా, పర్యవేక్షకుడు అవుతాడా అన్నది. సూపర్‌వైజరీ పని చేసేవాడి జీతం నెలకు 18,000 రూపాయలు దాటితే అతను ‘కార్మికుడు’ కాడు. ఆ ప్రశ్న పాత చట్టం కిందే కోర్టుల దాకా వెళ్లింది, మళ్లీ వెళ్తుంది. సభ్యత్వ రికార్డులను బేస్‌ల వారీగా ఇప్పటినుంచే సరిగ్గా పెట్టుకోకపోతే 51 శాతం ఉందని చూపడం కుదరదు.