ఇంటిపేర్లు వేరైనా వరస కుదరదా? గోండుల సగల గురించి ఒక సందేహం

ప్రశ్న (హనుమకొండ నుంచి):
నాతో చదివే మిత్రుడిది ఉట్నూరు ప్రాంతంలోని గోండు కుటుంబం. వాళ్ల అన్నకు ఒక సంబంధం వస్తే, ఇంటిపేర్లు వేరైనప్పటికీ "వాళ్లు మనకు అన్నదమ్ములు" అని పెద్దలు మొదటి మాటలోనే వద్దన్నారట. మేనమామ కూతురిని చేసుకోవడానికి మాత్రం అడ్డు లేదట. ఈ లెక్క ఎలా నడుస్తుంది?

జవాబు 1 (ఉట్నూరు నుంచి):
మీరు ఇంటిపేరు దగ్గరే ఆగిపోయారు. మా పెద్దలు దాని పైనున్న సగను చూస్తారు. ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు మూలపురుషులైన అన్నదమ్ముల నుంచి పుట్టినవారిగా గోండులు యేర్వెన్, సార్వెన్, సివెన్, నాల్వెన్ అనే నాలుగు సగలుగా ఉంటారు. ఒక్కో సగలో అనేక ఇంటిపేర్లుంటాయి, అవన్నీ తమలో తాము అన్నదమ్ముల వరసే. సగ తండ్రి నుంచి వస్తుంది కాబట్టి పెదనాన్న కూతురు చెల్లెలవుతుంది. మేనమామ కూతురు తన తండ్రి సగకు, అంటే వేరే సగకు చెందుతుంది కనుక వరస కుదురుతుంది. ఈ వంశకథలను కింగ్రి అనే తీగవాద్యం వాయిస్తూ చెప్పే ప్రధాన్ తెగవారు మా ఇళ్లకు తరతరాలుగా వస్తున్నారు.

జవాబు 2 (ములుగు నుంచి):
మా కోయల్లో దీనిని గట్టు అంటారు. మూడో గట్టు, ఐదో గట్టు అని సంఖ్యతోనే చెప్పుకుంటాం, ఒకే గట్టులో పెళ్లి చేయం.

ప్రశ్న అడిగినవారు:
మరి పెళ్లయిన ఆడపిల్ల ఏ సగకు చెందుతుంది?

జవాబు 1 (మళ్లీ):
భర్త వైపుకే, కానీ తాళి కట్టగానే కాదు. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా (నాగదేవుడి) జాతరలో, యేర్వెన్ సగకు చెందిన మెస్రం వంశపు కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టుకొని, ముఖం కనిపించకుండా కొంగు కప్పుకొని, వరుసగా దేవుడి ముందుకు వస్తారు. భేటింగ్ అనే ఈ పరిచయం జరిగాకే కోడలికి వంశపు పూజల్లో చోటు దొరుకుతుంది. అయితే పుట్టింటితో బంధం తెగిపోతుందనుకోకండి: అదే జాతరలో పుట్టకు కావలసిన మట్టిని సిద్ధం చేసే పని మెస్రం వారి ఆడపడుచులది, అల్లుళ్లది, ఆ అల్లుళ్లు తప్పనిసరిగా వేరే సగ వారే.