సీఎల్ఐని పిల్లలే ఇన్‌స్టాల్ చేసుకోవాలా, స్క్రిప్టు ఇస్తే చాలదా?

కాజీపేట_జంక్షన్:
మా తమ్ముడు హన్మకొండలో క్లౌడ్ కోర్సు చేస్తున్నాడు. సర్వర్ల లోడు, అలారాలు చూసుకునే క్లౌడ్‌వాచ్‌ను కమాండ్ లైన్ నుంచి వాడటం నేర్పుతున్నారట. సార్ ఒక స్క్రిప్టు ఇచ్చాడు. అది రన్ చేస్తే ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ, అంటే అమెజాన్ క్లౌడ్‌ను కమాండ్లతో నడిపే టూల్, దిగుతుంది, సెట్టింగులూ అవే పడిపోతాయి. ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ అని కొడితే ఏమడుగుతుందో మావాడికి ఇప్పటికీ తెలీదు. ఇదేం నేర్పడం?

హన్మకొండ_ట్రైనర్:
ఆ సంస్థ నాది కాదు కానీ నేనూ స్క్రిప్టే ఇస్తాను. ఉబుంటు 24.04 లినక్స్‌లో దాని సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో పెడదామంటే ఆ ప్యాకేజీయే లేదు. పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్ కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని ఎర్రర్. వెర్షన్ 2 కావాలంటే అమెజాన్ వాళ్ల జిప్ దింపి, విప్పి, సుడోతో ఇన్‌స్టాలర్ నడపాలి. బ్యాచ్‌లో ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఇదంతా చేయిస్తే తలప్రాణం తోకకొస్తుంది.

పరకాల_పైథాన్:
వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే పైథాన్‌కి వేరుగా పెట్టుకునే ఫోల్డర్లో, పిప్ చక్కగా పనిచేస్తుంది. పిప్‌ని ఊరికే తిట్టకండి.

ఓరుగల్లు_ఆప్స్:
పిప్‌తో వచ్చేది వెర్షన్ 1 తమ్ముడూ. అది పక్కన పెట్టు.
ట్రైనర్ గారూ, మూడు కమాండ్లకే తలప్రాణం పోతుందా? మా దగ్గర ఇంటర్వ్యూకి వచ్చిన ఒకబ్బాయి క్లౌడ్‌వాచ్ కొలతల (మెట్రిక్స్) జాబితా ఇచ్చే లిస్ట్-మెట్రిక్స్ కమాండ్ కొట్టాడు, ఖాళీ జాబితా వచ్చింది. టూల్ పాడైందని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. మళ్లీ ఖాళీయే. సర్వర్ ఉన్నది అమెజాన్ వాళ్ల హైదరాబాద్ రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతం), అంటే ఏపీ-సౌత్-2లో. వాడి సెట్టింగులో ఉన్నది ముంబై, ఏపీ-సౌత్-1. రీజియన్ తప్పయితే ఎర్రర్ రాదు, ఏమీ కనపడదంతే. కీ, సీక్రెట్ (అకౌంటుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాంటివి), రీజియన్, అవుట్‌పుట్ ఫార్మాట్ అని కాన్ఫిగర్ అడిగే నాలుగూ ఒక్కసారి చేత్తో టైప్ చేసి ఉంటే ముందు రీజియనే చూసేవాడు.

హన్మకొండ_ట్రైనర్:
హైటెక్ సిటీలో ఏసీ కింద కూర్చుని చెప్పడం తేలికే.

ఓరుగల్లు_ఆప్స్:
నేనుండేది మడికొండలో. మీ క్లాసు నుంచి వచ్చినవాళ్లకు మళ్లీ మొదట్నుంచి నేర్పేది మేమే. టైమ్‌జోన్ రాయకుండా మధ్యాహ్నం 2 అని ఇచ్చి, గ్రాఫు తప్పంటారు. సీఎల్ఐ దాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, మన మధ్యాహ్నం 2 కావాలంటే ఉదయం 8:30 అని ఇవ్వాలి. అదైనా చెప్పారా?

పరకాల_పైథాన్:
వెర్షన్ 1 అయినా క్లౌడ్‌వాచ్ కమాండ్లన్నీ ఉంటాయి కదా.

సిరిసిల్ల_చిన్నోడు:
మీ గొడవ సరే, స్క్రిప్టులో కీ ఎవరిది?

కాజీపేట_జంక్షన్:
ఇప్పుడే చూశా. హోమ్ ఫోల్డర్లో క్రెడెన్షియల్స్ అనే ఫైలు. కీ, సీక్రెట్ మామూలు అక్షరాల్లో కనపడుతున్నాయి. వాడి దోస్తుకి ఫోన్ చేసి చదివించా. ఇద్దరిదీ ఒకటే కీ.

ఓరుగల్లు_ఆప్స్:
అయ్యో. బ్యాచ్ మొత్తానికి ఒకటే కీయా!

హన్మకొండ_ట్రైనర్:
మరేం చేయమంటారు? అకౌంటు తెరవాలంటే కార్డు కావాలి. ఇంటర్ అయిన పిల్లల దగ్గర కార్డెక్కడిది? అకౌంటు మాదే, బిల్లూ మాకే.

కాజీపేట_జంక్షన్:
బిల్లు మీకేనా? మావాడి క్లాసులో అయితే ఎవరో పెద్ద సర్వర్ లేపి ఆపకుండా వెళ్లారట. ఆ బిల్లును బ్యాచ్ అందరి మీదా సమానంగా పంచారు. మా నాన్న కౌలు డబ్బుల్లోంచి తీసి కట్టాడు. నా మంట స్క్రిప్టు మీద కాదు.

హన్మకొండ_ట్రైనర్:
ఈ మాట మొదట్లోనే చెప్పొచ్చు కదా! నేను పిల్లల దగ్గర రూపాయి తీసుకోలేదు. బిల్లుకు అలారం పెట్టాలి. ఆ బిల్లు మెట్రిక్ అమెరికాలోని నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే వస్తుంది, అది తెలియక చాలామంది ముంబైలో వెతుకుతారు.

ఓరుగల్లు_ఆప్స్:
ఆ అలారం మెయిల్ పంపుతుందంతే, సర్వర్ ఆపదు. ఒక్కొక్కరికీ వేరే ఐఏఎమ్ యూజర్ (అకౌంటులో విడి లాగిన్) ఇచ్చి, చూడటానికి మాత్రమే పర్మిషన్ పెడితే ఈ బాధే లేదు. క్లౌడ్‌వాచ్ నేర్చుకునేవాడికి సర్వర్ లేపే హక్కు ఎందుకు?

హన్మకొండ_ట్రైనర్:
60 మందికి యూజర్లు ఎవరు చేస్తారు సార్?

ఓరుగల్లు_ఆప్స్:
క్రియేట్-యూజర్ కమాండును లూపులో పెడితే అదే చేస్తుంది. స్క్రిప్టు రాయడం మీకొచ్చు కదా.

సిరిసిల్ల_చిన్నోడు:
సర్వర్ ఎవరు లేపారో క్లౌడ్‌ట్రెయిల్‌లో, అంటే అకౌంటులో ఎవరేం చేశారో రాసిపెట్టే రికార్డులో, ఉంటుంది అన్నా. 90 రోజుల దాకా చూడొచ్చు.

ఓరుగల్లు_ఆప్స్:
కీ ఒకటే కాబట్టి అందరికీ ఒకే పేరు వస్తుంది. ఐపీ ఉంటుంది కానీ, ల్యాబులో అందరిదీ ఒకే వైఫై.

కాజీపేట_జంక్షన్:
ఐపీ ల్యాబుది అని తేలితే నాకు చాలు. ఆ రోజు మావాడు జనగామలో మేనత్త కూతురి పెళ్లిలో ఉన్నాడు. రేపు పొద్దున వెళ్తున్నా. క్లౌడ్‌ట్రెయిల్‌లో ఏ పేరుతో వెతకమనాలి?

ఓరుగల్లు_ఆప్స్:
ఈవెంట్ నేమ్ దగ్గర ‘రన్‌ఇన్‌స్టాన్సెస్’, సర్వర్ లేపితే పడే పేరు అదే. రీజియన్ ఏదో ముందు అడుగు.