1969 రాష్ట్రపతి ఎన్నికలో సంజీవరెడ్డి ఎలా ఓడిపోయారు?

ప్రశ్న:
పాత రాష్ట్రపతుల గురించి చదువుతుంటే ఒక దగ్గర ఆగిపోయాను. 1969లో నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టింది స్వయానా ఇందిరాగాంధీ. ఎదుట వి.వి.గిరి ఇండిపెండెంట్. మరి గెలిచింది గిరి గారేంటి? పైగా ఇద్దరూ తెలుగువాళ్లే! ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

జవాబు 1:
సంతకం పెట్టింది కానీ ఇష్టపడి కాదండీ. బెంగళూరులో పార్టీ పెద్దలు (సిండికేట్ అనేవాళ్లు) ఆవిడ మాట కాదని సంజీవరెడ్డిని ఖాయం చేశారు. ఆ మే నెలలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోతే ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం చేసి, మర్నాడు జూలై 20న రాజీనామా ఇచ్చి పోటీకి దిగారు. ఈలోగా పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్లి ప్రతిపక్షాలైన జనసంఘ్, స్వతంత్ర పార్టీలను రెండో ప్రాధాన్య ఓట్లు (బ్యాలెట్ మీద ఇష్టపడ్డ వరుసలో 1, 2 అని అంకెలు వేస్తారు, అందులో 2) మా వాడికి వేయమని అడిగారు. అదే ఆవిడకు సాకుగా దొరికింది. ఇక విప్ లేదు గిప్ లేదు, "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటేయండి అనేసింది. బ్యాలెట్ రహస్యం కదా, ఎవరు ఎటు వేశారో ఎవరికి తెలుస్తుంది?

జవాబు 2:
ఇండిపెండెంట్ కదా అని గిరిని మరీ అండర్‌డాగ్ అనుకోకండి బ్రదర్. వెనక ప్రధానమంత్రి, పక్కన కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు. ఏ పార్టీ టికెట్టూ లేదన్న మాట నిజమే, అంతవరకే.

జవాబు 3:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి, లెక్క చూస్తే మీకే టెన్షన్ వస్తుంది. ఈ ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఒక్కో ఓటుకు ఇంత అని విలువ కడతారు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337, గెలవాలంటే 4,18,169 కావాలి. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర నిలబెట్టిన సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. అంటే ఎవరూ గట్టెక్కలేదు. మొత్తం 15 మంది పోటీలో ఉన్నారు, వాళ్లలో కొందరికైతే ఒక్క ఓటూ పడలేదు, అదో విచిత్రం. కింది నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ, బ్యాలెట్ మీద 2 అంకె ఎవరి పేరు ఎదురుగా ఉందో చూసి వాళ్లకు కలుపుతూ పోయారు. అలా కలిసిన వాటిలో రెడ్డికి దాదాపు 92 వేలు వచ్చాయి, గిరికి 18 వేల పైచిలుకే. అయినా చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ 576. అంటే 13 మంది ఎంపీలు గిరికి కాకుండా రెడ్డికి వేసి ఉంటే రాష్ట్రపతి సంజీవరెడ్డే! రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటివరకు ఇదొక్కటే.

జవాబు 2:
సరే, 13 లెక్క నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా 🙂 కానీ ప్రచారం మాత్రం శుభ్రంగా జరగలేదు. రెడ్డి మీద పేరూ ఊరూ లేని కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే పంచారు. దాని మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, గిరి రాష్ట్రపతిగా ఉండగానే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఎన్నిక చెల్లుతుందనే తీర్పొచ్చింది లెండి. ఆ నవంబరుకు కాంగ్రెసే రెండు ముక్కలైంది.

ప్రశ్న వేసిన వ్యక్తి:
అబ్బో, ఇంత కథ ఉందా! ఆ పోటీ కోసం రెడ్డి గారు లోక్‌సభ స్పీకర్ పదవి కూడా వదులుకున్నారట కదా, ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె అన్నట్టయింది పాపం. మరి 1977లో రాష్ట్రపతి అయింది ఈయనేనా?

జవాబు 1:
ఈయనే. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క సీటు నంద్యాల, అది కూడా ఈయనదే. తర్వాత రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరించారు. ఈసారి ఎవరి అంతరాత్మతోనూ పని పడలేదు, ఓటింగే జరగలేదు.